నలభై ఏళ్లవాళ్లకు నగరంలో బడి ఎక్కడ?

2022 సెప్టెంబరులో యునెస్కో ఒక జాబితా విడుదల చేసింది. 44 దేశాలకు చెందిన 77 నగరాలను ‘గ్లోబల్ నెట్‌వర్క్ ఆఫ్ లెర్నింగ్ సిటీస్’లో చేర్చుకున్నట్టు ప్రకటించింది. మన దేశం నుంచి అందులో మూడు పేర్లున్నాయి. కేరళ నుంచి త్రిశూర్, నిలంబూర్, తెలంగాణ నుంచి వరంగల్. ‘వరంగల్‌కు యునెస్కో గుర్తింపు’ అని పత్రికలు రాశాయి. అంతకు ముందు ఏడాదే రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది కాబట్టి, ఇదీ అలాంటి గౌరవమేనని అనుకునే వీలుంది. నిజానికి రెండూ వేరు. రామప్పకు హోదా వచ్చింది ఎనిమిది వందల ఏళ్ల కిందట చేసిన పనికి. వరంగల్ నగరానికి పేరు వచ్చింది ఇక ముందు చేయాల్సిన పనికి.

ఈ సభ్యత్వంతో డబ్బేమీ రాదు. నగరం తరఫున మేయర్ ఒక మాట ఇస్తారు. ఊళ్లో ఏ వయసువాళ్లయినా, ఏ పని చేసుకునేవాళ్లయినా, బతికినంతకాలం కొత్తది నేర్చుకునే వీలు కల్పిస్తామన్నదే ఆ మాట. రెండేళ్లకోసారి ఏం చేశారో నివేదిక పంపాలి. 2013లో బీజింగ్‌లో జరిగిన సదస్సుతో మొదలైన ఈ ఏర్పాటును జర్మనీలోని హాంబర్గ్ నగరంలో ఉన్న యునెస్కో జీవితకాల విద్యా సంస్థ నడుపుతోంది. బీజింగ్‌లో రాసుకున్న పత్రంలో అంశాలు చాలానే ఉన్నాయి. అందరికీ అందే చదువు, కుటుంబాల్లో వాడల్లో నేర్చుకోవడం, పనిచేసే చోట నేర్చుకోవడం, సాంకేతిక పరికరాల వాడకం, చదువు నాణ్యత, నేర్చుకోవడమన్నది ఊరి అలవాటుగా మారడం. చదవడానికి బాగుంటాయి. మున్సిపల్ ఆఫీసు గుమ్మం దాకా వచ్చేసరికి వీటి అర్థమేమిటన్నదే మనకు కావాలి.

వరంగల్ చదువుల ఊరు కాదని ఎవరూ అనరు. దేశంలో తొలి రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీకి 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసింది ఇక్కడే; ఈనాటి ఎన్ఐటీ అదే. అదే ఏడాది కాకతీయ మెడికల్ కాలేజీ వచ్చింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చింది. ఇక జూనియర్ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. కానీ ఈ గేట్లలో చాలావరకు పదహారు నుంచి పాతికేళ్ల లోపు వాళ్లకే తెరుచుకుంటాయి, అదీ మార్కులో ర్యాంకో చూపిస్తేనే. మరి కొత్తవాడలో జంపఖానా నేసే మనిషి సంగతేమిటి? ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీ? పదో తరగతి తప్పాక పెళ్లయిపోయి, ఇప్పుడు కూతురి లెక్కల పుస్తకం తెరిచి బిక్కమొహం వేసే ఇల్లాలు? ఫోన్‌కు లింకు వస్తే నొక్కాలో వద్దో తెలియక జడుసుకునే రిటైర్డ్ ఉద్యోగి? లెర్నింగ్ సిటీ అన్న ఆలోచన పుట్టింది ముఖ్యంగా వీళ్ల కోసం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన నగరాల్లో నేర్పే సామగ్రికి పెద్దగా లోటు లేదు. భవనాలున్నాయి, పుస్తకాలున్నాయి, యంత్రాలున్నాయి, నేర్పగలవాళ్లూ ఉన్నారు. లోటల్లా తలుపులు తెరిచే వేళల్లో ఉంది, దారి చూపే మనిషి విషయంలో ఉంది, ‘ఇది నా పని’ అని పూచీ పడే ఆఫీసు విషయంలో ఉంది.

మనకిది కొత్త కాదు

జీవితకాల విద్య అనగానే ఐరోపా నుంచి దిగుమతైన మాటలా వినిపిస్తుంది. తెలుగువాళ్లు ఈ పని నూరేళ్ల కిందటే చేశారు. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు సర్కారు ఆదరణ లేని రోజుల్లో, 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. మూడేళ్లు తిరక్కుండానే, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వచ్చింది. యునెస్కో గుర్తించడానికి 118 ఏళ్ల ముందే వరంగల్ జంటనగరం పెద్దవాళ్ల కోసం పుస్తకాల గది తెరిచిందన్నమాట.

అటు కోస్తాలో అయ్యంకి వెంకటరమణయ్య 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నిలబెట్టారు. ఆ ఉద్యమంలో గ్రంథాలయమంటే పుస్తకాల బీరువా ఒక్కటే కాదు. చదువు రానివాళ్లకు పత్రికలు చదివి వినిపించేవాళ్లు, రాత్రి బడులు నడిపేవాళ్లు, ఉపన్యాసాలు పెట్టేవాళ్లు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయాన్ని, వయోజన విద్యను ఒకే పనిగా చూసి జీవితమంతా రెంటికీ వెచ్చించారు. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పొలం పనుల్లో ఉన్నవాళ్లు లైబ్రరీకి రాలేరు కనుక, లైబ్రరీయే వాళ్ల రేవుకు వెళ్లింది.

తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామి కథ ఇంకా గట్టిది. ఇళ్లల్లో వంటపని చేశాడు, హోటల్లో పనిచేశాడు, ఆ పనుల మధ్యనే చదువుకున్నాడు, ప్రూఫ్ రీడరయ్యాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టి, పుస్తకాలు తలకెత్తుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. తర్వాత మనం చదివే నవలలూ కథలూ రాశాడు. ఆయన్ను ఏ వయోజన విద్యా పథకమూ తయారు చేయలేదు. చుట్టూ చదివే వాతావరణం ఉండడం, చేతికి పుస్తకం అందించే మనిషి ఉండడం, ఈ రెండూ చాలాయి.

ఈ చరిత్రను గర్వం కోసం గుర్తుచేయడం లేదు. చదువుకోవాలనుకునేవాడు దారి వెతుక్కుంటూ ఎలాగైనా వస్తాడులే అని ఆనాటివాళ్లు ఊరుకోలేదు. ఈనాటి మన ఏర్పాట్లు మాత్రం చాలావరకు ఆ నమ్మకం మీదే నడుస్తున్నాయి.

ఇంటి పన్నులో దాగిన ఎనిమిది పైసలు

నగరం ఏం చేయాలన్న ప్రశ్న వస్తే ముందుగా వినిపించే జవాబు ‘నిధులు లేవు’ అనే. కాస్త ఆగి మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజా గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉంటుంది. తెలంగాణకూ ఆ చట్టమే వారసత్వంగా వచ్చింది. పన్ను 5,000 రూపాయలైతే దాని మీద 400 గ్రంథాలయానిది. లక్ష ఇళ్లున్న పట్టణంలో ఇంటికి సగటున 2,500 రూపాయల పన్ను వేసుకున్నా ఏడాదికి 2 కోట్ల రూపాయలవుతుంది. దేశంలో చాలా రాష్ట్రాలకు ఈ వెసులుబాటు లేదు. ప్రత్యేకంగా చదువు కోసమని, పెద్దలూ పిల్లలూ అనే తేడా లేకుండా అందరి కోసమని, చట్టం కట్టబెట్టిన డబ్బు ఇది.

చిక్కెక్కడంటే, వసూలు చేసేది మున్సిపాలిటీ, ఖర్చు పెట్టాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థ. మధ్యలో సొమ్ము ఆగిపోతుంది. గ్రంథాలయ సంస్థలకు మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు బకాయి పడటం రెండు రాష్ట్రాల్లోనూ పాత జబ్బే. చెత్త బండికో, వీధి దీపాలకో అత్యవసరంగా డబ్బు కావలసి వస్తే, ముందుగా చేయి పడేది ఎవరూ అడగని పద్దు మీదే. గ్రంథాలయ పన్నును అడిగే దిక్కు లేదు. లెర్నింగ్ సిటీ అనిపించుకోదలచిన నగరం మొదట చేయాల్సిన పని కొత్త పథకం ప్రకటించడం కాదు, వసూలైన గ్రంథాలయ పన్ను ఎంత, అప్పగించింది ఎంత అన్న లెక్కను ప్రతి మూడు నెలలకూ గోడ మీద పెట్టడం.

సరే, డబ్బు వచ్చిందనుకుందాం. ఇప్పుడు మన నగర గ్రంథాలయాల్లో కూర్చునేది ఎవరు? హైదరాబాద్ చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లినా, ఏ జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్లినా నిండా కనిపించేది గ్రూప్స్‌కో, కానిస్టేబుల్ పరీక్షకో చదువుకునే యువతే. సొంత పుస్తకాలు తెచ్చుకుంటారు, చెట్టు కింద కూడా కూర్చుంటారు. వాళ్లకు ఆ చోటు అవసరమే, ఎవరూ కాదనరు. కానీ గ్రంథాలయం మొత్తం పరీక్షల గదిగా మారిపోతే మిగతావాళ్లకు అది తమ చోటనిపించదు. ఇక శాఖా గ్రంథాలయాల వేళలు చూడండి. పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరవడం చాలాచోట్ల ఆనవాయితీ. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు అన్నారంటే, సరిగ్గా ఇల్లాలు వంటింట్లో ఉండే వేళలవి. కూలికి వెళ్లిన మనిషి తిరిగొచ్చేసరికి తాళం పడుతుంది. వేళలు నిర్ణయించినవాళ్లకు ఎవరి మీదా కోపం లేదు. వీళ్లు వస్తారన్న ఊహే వాళ్లకు రాలేదు.

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో 2018 డిసెంబరులో ఊడి అనే కేంద్ర గ్రంథాలయం తెరిచారు. మామూలు రోజుల్లో పొద్దున ఎనిమిదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా ఉంటుంది. పుస్తకాలతో పాటు అక్కడ కుట్టుమిషన్లు, 3డీ ప్రింటర్లు, పాట రికార్డు చేసుకునే గదులు ఉన్నాయి. ఎవరైనా వెళ్లి వాడుకోవచ్చు. అంత భవనం మనం కట్టలేకపోవచ్చు, కట్టనక్కర్లేదు కూడా. కానీ నాలుగు కుట్టుమిషన్లు, రెండు కంప్యూటర్లు, రాత్రి తొమ్మిది దాకా వెలిగే లైటు మన ఎనిమిది పైసలకు మించినవి కావు.

ఏం నేర్పాలో ఎవరు చెప్పాలి?

వయోజన విద్య అంటే మన ఆఫీసుల్లో ఇంకా సంతకం పెట్టించడం దగ్గరే లెక్క ఆగుతుంది. సంతకం చిన్న విషయం కాదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67.02 శాతం, దేశ సగటు 72.99 శాతం. మనం సగటు కంటే వెనకే ఉన్నాం. హైదరాబాద్ జిల్లాలో 83.25 శాతం. అంటే అప్పటికి రాజధాని నగరంలోనూ ఏడేళ్లు దాటిన ప్రతి ఆరుగురిలో ఒకరికి చదవడం రాయడం రాదు. అక్షరాల పని ఇంకా మిగిలే ఉంది. అయితే ఆ అక్షరాలు దేని గురించి అన్నది అంతకంటే ముఖ్యం.

దీనికి మన దగ్గరే ఒక పాఠముంది. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం కార్యక్రమం నడిచింది. జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు, ఊళ్లలోని యువకులు రాత్రిపూట ఆడవాళ్లకు చదువు చెప్పేవాళ్లు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. తాగుడు ఒక ఇంటిని ఎలా కూల్చిందో చెప్పే కథ. దూబగుంట అనే ఊరి ఆడవాళ్లు ఆ పాఠం దగ్గర ఆగిపోయారు. ఇది మన ఊరి సంగతే కదా అనుకున్నారు. తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. రోసమ్మ లాంటి సామాన్య స్త్రీల పేర్లు రాష్ట్రమంతా తెలిశాయి. ఉద్యమం జిల్లా దాటింది, సారా వేలం పాటలు సాగనివ్వలేదు, 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. తర్వాత రాజకీయాలు ఎటు తిరిగాయన్నది వేరే కథ. ఇక్కడ గమనించాల్సింది, అ ఆలు నేర్చుకోవడానికి కూర్చున్నవాళ్లు తమ బతుకే పాఠంలో కనిపించేసరికి ఒక రాష్ట్ర విధానాన్నే మార్చారన్నది. ఆ వాచకంలో తాగుడు సంగతికి బదులు పరిశుభ్రత మీద నాలుగు నీతి వాక్యాలు ఉండి ఉంటే, సంతకాలు వచ్చేవి, అంతటితో సరి.

నగరంలో ఆ పాఠం వాడవాడకూ మారుతుంది. అద్దె ఇళ్ల వాడలో అద్దె ఒప్పందం చదవడం, కరెంటు బిల్లులో స్లాబు లెక్క అర్థం చేసుకోవడం. భవన నిర్మాణ కూలీలుండే చోట కార్మిక కార్డు, ప్రమాద బీమా, భద్రత. ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చినవాళ్లకు బస్సు బోర్డు, మందుల చీటీ చదివేటంత తెలుగు. పాఠ్యాంశం పై నుంచి రాకూడదు. ముందు ఆ వాడలో నాలుగు సాయంత్రాలు కూర్చుని, ఏం తెలియక ఎక్కడ నష్టపోతున్నారో అడగాలి.

కేంద్రం 2022 నుంచి 2027 దాకా నడుపుతున్న ఉల్లాస్ కార్యక్రమంలో ఈ చూపు కొంత ఉంది. పదిహేనేళ్లు దాటినవాళ్లకు చదవడం, రాయడం, లెక్కలతో పాటు డబ్బు వ్యవహారం, ఆరోగ్యం, ఫోన్ వాడకం, వృత్తి నైపుణ్యాలు కూడా అందులో ఉన్నాయి. ఐదేళ్లకు లక్ష్యం 5 కోట్ల మంది, బడ్జెట్ 1,037.90 కోట్ల రూపాయలు. భాగిస్తే మనిషికి దాదాపు 208 రూపాయలు. చెప్పేవాళ్లంతా స్వచ్ఛందంగా రావాలన్న లెక్క మీదే పథకం నిలబడింది. స్వచ్ఛంద సేవ గొప్పదే, కానీ దాన్ని వెతికి, కుదిర్చి, నిలబెట్టే ఒక జీతగాడు లేకపోతే రెండో నెలకే కరిగిపోతుంది. ఆ జీతగాణ్ణి ఇవ్వగలిగేది నగరమే.

బయటి ఊళ్లు చేసినవి

ఐర్లండ్‌లో కార్క్ అనే నగరముంది. అక్కడ 1983లో డన్‌లప్ టైర్ల ఫ్యాక్టరీ, 1984లో ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. వందలమంది రోడ్డున పడ్డారు. నిజాం కాలంలో 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు మూత చూసిన వరంగల్‌కు ఆ బాధ ఎలాంటిదో విడమరిచి చెప్పనక్కర్లేదు. మిల్లు మూసినప్పుడు ఆ కార్మికుడికి నగరం ఏం నేర్పింది, ఎక్కడ నేర్పింది అన్న ప్రశ్న మనం ఎప్పుడూ వేసుకోలేదు.

కార్క్ 2004 నుంచి ఏటా ఒక వారం ‘జీవితకాల విద్యా ఉత్సవం’ జరుపుతోంది. విశ్వవిద్యాలయం, వృత్తి కళాశాలలు, గ్రంథాలయాలు, క్లబ్బులు, మ్యూజియంలు, వృద్ధుల సంఘాలు ఆ వారం తలుపులు తెరుస్తాయి. వందల కార్యక్రమాలు జరుగుతాయి, అన్నీ ఉచితమే. వడ్రంగం చూడొచ్చు, కొత్త భాష రుచి చూడొచ్చు, ఖగోళం మీద ప్రసంగం వినొచ్చు. ఉత్సవమంటే మనకు అనుమానం రావడం సహజం. వేదిక, శాలువాలు, ఫొటోలు. కార్క్‌లో దాని అసలు ఫలితం వేరు. ఊళ్లో ఎవరు ఏం నేర్పుతారో అంతా ఒక్క జాబితాలోకి ఎక్కింది. ఎప్పుడూ విశ్వవిద్యాలయం గేటు దాటని మనిషి ఒకసారి లోపలికి వెళ్లి వచ్చాడు. ఆ తర్వాత వాళ్లు ఉత్సవం దగ్గర ఆగకుండా కొన్ని పేటలను ఎంచుకుని ఏడాది పొడవునా పనిచేశారు. 2015లో యునెస్కో తొలిసారి ఇచ్చిన లెర్నింగ్ సిటీ అవార్డుల్లో ఒకటి కార్క్‌కు వచ్చింది, 2017లో ప్రపంచ సదస్సూ అక్కడే జరిగింది.

దక్షిణ కొరియా దారి వేరు. అక్కడ గ్వాంగ్‌మ్యోంగ్ నగరం 1999లోనే తనను జీవితకాల విద్యా నగరంగా ప్రకటించుకుంది. ఆ దేశం చట్టం చేసింది, 2001 నుంచి నగరాలను ఎంపిక చేసి సాయం చేస్తోంది. నమ్యాంగ్‌జూ అనే మరో ఊరు నేర్చుకునే కేంద్రం ఇంటి నుంచి పది నిమిషాల నడక దూరంలో ఉండాలన్న కొలత పెట్టుకుంది. ఎన్ని భవనాలు కట్టాం అన్నదాన్ని వదిలి ఎంత దూరం నడవాలి అన్నదాన్ని లెక్కలోకి తీసుకోవడమే అందులో తెలివి. ఆడవాళ్లకు, ముసలివాళ్లకు దూరమే అసలు ఫీజు.

కొలంబియాలోని మెడెయిన్ ఒకప్పుడు మాదకద్రవ్యాల ముఠాలకు, హత్యలకు పేరుమోసిన ఊరు. 2004లో కొండ మీది పేదల బస్తీలకు రోప్‌వే వేశారు. మేయర్ సెర్జియో ఫహార్దో హయాంలో ఆ బస్తీల్లోనే పెద్ద పెద్ద గ్రంథాలయ పార్కులు కట్టడం మొదలుపెట్టారు. ఊళ్లో అందమైన భవనం పేదవాడలోనే ఉండాలన్నది వాళ్ల పట్టుదల. అది గొప్ప ఆలోచన. కానీ వాటిలో పేరుపడ్డ స్పెయిన్ గ్రంథాలయం 2007లో తెరిచాక పదేళ్లు గడవకుండానే కట్టడంలో లోపాలు బయటపడి మూసేయాల్సి వచ్చింది. ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి, చదువుకునే పిల్లలు మాత్రం వేరే చోట్లు వెతుక్కున్నారు. కట్టడానికి ఉన్నంత ఉత్సాహం కాపాడుకోవడానికి ఉండదన్నది మనకు మాత్రం తెలియనిదా?

సిగ్గు, సమయం, ఫోను

పెద్దవాళ్లు చదువుకు రాకపోవడానికి బద్ధకం కారణమనుకుంటే పొరపాటు. మొదటి అడ్డు సిగ్గు. ‘ఈ వయసులో నీకెందుకు?’ అన్న మాట బయటివాళ్ల కంటే ఇంట్లోనే ఎక్కువ వినిపిస్తుంది. రెండో అడ్డు సమయం. ఈ రెండింటినీ ఒకే దెబ్బకు తీర్చిన పద్ధతి కేరళలో కనిపిస్తుంది. అక్కడి కుటుంబశ్రీ స్వయం సహాయక సంఘాలు 2023 అక్టోబరులో ‘తిరికె స్కూలిల్’ (మళ్లీ బడికి) కార్యక్రమం మొదలుపెట్టాయి. 46 లక్షల మంది సభ్యుల కోసం సెలవు రోజుల్లో బడులు తెరిచారు. గంట కొట్టారు, అసెంబ్లీ పెట్టారు, ఆడవాళ్లు అన్నం డబ్బాలు కట్టుకుని వెళ్లి బెంచీల మీద కూర్చున్నారు. పాఠాలు సంఘం లెక్కలు, జీవనోపాధి, డిజిటల్ వ్యవహారాలు. ఒక్కర్తే వెళ్తే సిగ్గు, వాడంతా కలిసి వెళ్తే పండగ. ఆదివారం ఖాళీగా ఉండే సర్కారు బడి మన ప్రతి డివిజన్‌లోనూ ఉంది. మహిళా స్వయం సహాయక సంఘాలు రెండు రాష్ట్రాల పట్టణాల్లోనూ ఉన్నాయి. తాళం చెవి ఎవరి దగ్గరుంది, ఎవరు అడగాలి అన్నదే ప్రశ్న.

చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్ల విషయంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ను తలుచుకోకుండా ఉండలేం. చిన్ననాటి పెళ్లిని దాటుకుని, ప్రైవేటుగా బెనారస్ మెట్రిక్ చదివిన మనిషి ఆమె. తన లాంటి వాళ్లను కూర్చోబెట్టి చదివించడంతో మొదలైన పని 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ అయింది. దేశమంతా నడిచిన, పెద్ద వయసు స్త్రీల కోసం ఉద్దేశించిన కుదించిన కోర్సులకు మూలం ఆమె అనుభవమే. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా 1982లో హైదరాబాద్‌లోనే వచ్చింది, ఇప్పటి అంబేడ్కర్ యూనివర్సిటీ అదే. ఇందిరాగాంధీ పేరిట జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం దానికి మూడేళ్లు చిన్నది. ఇంత చరిత్ర ఉండి, ఓపెన్ స్కూల్ దరఖాస్తు ఎక్కడ దొరుకుతుందో చెప్పే మనిషి వార్డు ఆఫీసులో లేకపోవడం మన ప్రత్యేకత.

ఇక ఫోను. ‘ఇప్పుడు అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి, ఇంకా కేంద్రాలెందుకు?’ అని అడిగేవాళ్లున్నారు. వీడియో చూసి బిర్యానీ వండొచ్చు, బ్లౌజు కత్తిరించొచ్చు, చాలామంది నేర్చుకుంటున్నారు కూడా. కానీ ఏ వీడియో నమ్మాలో వీడియో చెప్పదు. ఓటీపీ అడిగినవాడు దొంగ అని తెలియడానికి, మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని తెలియడానికి, పక్కన కూర్చుని ఓపికగా చూపించే మనిషి కావాలి. కేరళలోని మలప్పురం జిల్లా 2002లోనే అక్షయ కేంద్రాలు పెట్టి ఇంటికొకరికి కంప్యూటర్ వాడకం నేర్పే పని తలకెత్తుకుంది. వరంగల్‌తో పాటు జాబితాలో చేరిన నిలంబూర్ ఆ జిల్లాలోదే. ఉన్నపళంగా పేరు రాలేదు వాళ్లకు.

పని నేర్చుకోవడం సంగతి త్వరగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడ జవాబు కళ్లెదుటే ఉంది. తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అధునాతన కేంద్రాలుగా మార్చే పని 2024లో మొదలుపెట్టింది. కొత్త యంత్రాలు పగలంతా విద్యార్థులకు, సాయంత్రం ఐదు తర్వాత తాళాలకు. డీజిల్ ఆటో వదిలి ఎలక్ట్రిక్ ఆటో మరమ్మతు నేర్చుకోవాలనుకునే మెకానిక్‌కు, సోలార్ ప్యానెల్ బిగించడం నేర్చుకోవాలనుకునే ఎలక్ట్రీషియన్‌కు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా అవే యంత్రాలు చాలు. కావలసింది ఒక షిఫ్టు ఇన్‌స్ట్రక్టర్ జీతం. ఇందులోనూ నగరపాలక సంస్థ ముందు తన ఇల్లు చూసుకోవాలి. తెల్లవారుజామున ఊరంతా ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులకు వారానికి రెండు గంటలు, పని వేళల్లోనే, జీతం కోయకుండా చదువుకునే వీలు ఇస్తే అంతకంటే గట్టి ప్రకటన ఉండదు.

పూచీ ఎవరిది?

నెల్లూరు, కార్క్, కేరళ అనుభవాలన్నీ ఒక చోటికే వస్తాయి. ఎవరో ఒకరి ఉద్యోగం ఇదే అయి ఉండాలి. గ్రేటర్ వరంగల్‌లో 66 డివిజన్లున్నాయి. డివిజన్‌కొక మనిషి, ఒక గది, ఒక పేజీ జాబితా ఉంటే చాలు: ఈ డివిజన్‌లో ఎవరు ఏం నేర్పుతారు, ఎప్పుడు, ఎక్కడ. ఆంధ్రప్రదేశ్‌కు ఈ విషయంలో ఒక అడుగు ముందే పడింది. వార్డు సచివాలయాల్లో విద్య, డేటా ప్రాసెసింగ్ కార్యదర్శి అని ఒక పోస్టు ఉండనే ఉంది. ఆ ఉద్యోగి రోజంతా సర్వేలు, యాప్‌లలో నమోదులతో గడపకుండా, పనిలో సగమైనా పెద్దవాళ్ల చదువుకు ఇవ్వగలిగితే విజయవాడకూ విశాఖకూ యునెస్కో సభ్యత్వం లేకపోయినా ఫర్వాలేదు.

లెక్క పెట్టే పద్ధతీ మారాలి. ఎంతమంది పేర్లు రాసుకున్నారన్నది అంకె కాదు; రాసుకోవడం తేలిక. ఆరు నెలల తర్వాత ఇంకా వస్తున్నది ఎంతమంది, వాళ్లలో యాభై దాటినవాళ్లు ఎందరు, ఆడవాళ్లు ఎందరు, చూపులేనివాళ్లు, వినలేనివాళ్లు ఎందరు, రాత్రి ఎనిమిదికి ఎన్ని తలుపులు తెరిచి ఉన్నాయి. నివేదికలో ఇవి ఉంటే ఆ నివేదిక చదవదగ్గది. మిగతావి ఫొటోలు.

మీ వార్డు సభ ఎప్పుడైనా జరిగితే రెండు ప్రశ్నలు అడగండి. మన గ్రంథాలయ పన్ను ఎంత వసూలైంది, ఎంత ముట్టింది? మన బడి తాళం ఆదివారం ఎవరి దగ్గర ఉంటుంది? ఇక ఇంట్లో చదువు మధ్యలో ఆపేసినవాళ్లుంటే, భార్యో, తమ్ముడో, వదినో, వాళ్లకు ఈ సంగతి చెప్పండి: తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో పదో తరగతిలో చేరడానికి పద్నాలుగేళ్లు నిండితే చాలు, ఇంటర్‌కు పదిహేను. పై వయసుకు హద్దు లేదు.